డాక్టరు గారి ముందు మందుల సంచీ విప్పండి



మనలో నలుగురు కలిస్తే లావు మాట రాకుండా ఉండదు. పేరంటానికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఏలూరు స్టేషనులో రైలు కోసం బల్ల మీద కూర్చున్నా, "ఏమిటమ్మా, కాస్త ఒళ్ళు చేశావు" అనే పలకరింపుతోనే మాట మొదలవుతుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండవలసిన బరువు కంటే ఎక్కువ ఉన్నారు. దేశం మొత్తం మీద ఈ లెక్క నూటికి 24. అంటే ఇది ఒకరిద్దరి సంగతి కాదు, వీధికి పదిమంది సంగతి.

అయితే ఈ వేళ నేను మాట్లాడబోయేది పొద్దున్నే తాగే తేనె, నిమ్మరసాల గురించి కాదు. లావు తగ్గడానికి చేసే ఆపరేషను గురించి. అది చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ, మీ డాక్టరు గారూ, ఇంట్లోవాళ్ళూ కలిసి తేల్చుకోవలసిన విషయం. చేయించుకుందామని నిశ్చయించుకున్నాక, ఆపరేషను రోజు వచ్చే లోపల నాలుగైదు వారాలు ఉంటాయి చూడండి, ఆ వారాల్లో ఏం చెయ్యాలి? ఇప్పటికే మింగుతున్న మాత్రల సంగతేమిటి? రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని గుబులు సంగతేమిటి? ఇవీ మనం మాట్లాడుకోవలసినవి.

ముందు ఆ ఆపరేషను ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. పొట్ట మీది కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షను వేరు, ఇది వేరు. ఇది జీర్ణాశయానికి చేసేది. ఒక పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలాంటి సన్నని గొట్టంగా కుట్టేస్తారు. దీన్ని స్లీవ్ అంటారు. రెండో పద్ధతిలో పైన చిన్న సంచీలాగా ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. అది బైపాస్. 1966లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను ఈ బైపాస్‌కు శ్రీకారం చుట్టారు. కడుపులో పుండుకోసం జీర్ణాశయం కొంత తీసేసిన రోగులు మళ్ళీ లావెక్కకపోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఇప్పుడు పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసేస్తున్నారు.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. నితిన్ గడ్కరీ గారు 2011లోనూ, అరుణ్ జైట్లీ గారు 2014లోనూ ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్న సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

ఎవరికి చేస్తారంటే, కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాన్నే బి.ఎం.ఐ. అంటారు. మన దేశంలో వైద్యులు చాలాకాలంగా పాటిస్తూ వచ్చిన కొలత ఏమిటంటే, ఆ అంకె 37.5 దాటినా, లేదా షుగరు, బి.పి. లాంటి జబ్బులతో 32.5 దాటినా ఆపరేషను సంగతి ఆలోచించవచ్చునని. 155 సెంటీమీటర్ల ఎత్తు, అంటే అయిదడుగుల ఒక అంగుళం ఉన్న ఆవిడకు 37.5 అంటే 90 కిలోలు, 32.5 అంటే 78 కిలోలు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్ళకు 27.5 నుంచే ఆలోచించవచ్చునన్నాయి. కానీ నాలుగైదు కిలోలు తగ్గి పెళ్ళిలో పట్టుచీర కట్టుకోడానికి మాత్రం ఇది మార్గం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ ఆపరేషనుకు వెళ్ళే ఆడవాళ్ళలో ఉత్తి చేతులతో వెళ్ళేవాళ్ళు తక్కువ. షుగరుకి రెండు మాత్రలు, బి.పి.కి ఒకటి, థైరాయిడుకి పరగడుపున ఒకటి, మోకాళ్ళ నొప్పికి ఒకటి, గ్యాసుకి ఒకటి. అవన్నీ ఒక్క డాక్టరు రాసినవి కావు. తాడేపల్లిగూడెంలో ఒకావిడ ఉన్నారనుకుందాం. షుగరు మందు గూడెంలో రాశారు. గుండె పరీక్ష ఏలూరులో జరిగింది, అక్కడ ఇంకో మాత్ర చేర్చారు. కొల్లేటి ఒడ్డున పుట్టింటికి వెళ్ళినప్పుడు మోకాలు నొప్పంటే ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు ఇంజక్షను చేసి, పొట్లంలో నాలుగు బిళ్ళలు ఇచ్చారు. ఆపరేషనేమో విజయవాడలోనో, హైదరాబాదులోనో. ఇన్ని ఊళ్ళ మందులూ ఒక్క పొట్టలోకే వెళుతున్నాయి గానీ, అన్నీ తెలిసిన డాక్టరు మాత్రం ఒక్కరూ లేరు!

అందుచేత మొదటి పని ఏమిటంటే, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచీలో వేసుకుని సర్జను గారి దగ్గరికి పట్టుకెళ్ళడం. "తెల్ల మాత్రండీ, చిన్నదండీ" అంటే ఎవరికీ అర్థం కాదు. అట్టలు, సీసాలు, పొట్లాలు, అన్నీ తీసుకెళ్ళండి. ఒక కాగితం మీద పేరు, ఎంత మోతాదు, ఏ పూట, ఎన్నాళ్ళ నుంచి అని రాయించుకోండి. ఆ జాబితా కొల్లేటి చాంతాడంత అయినా ఫరవాలేదు. ఏ మందు పడదో, ఏది వేస్తే దద్దుర్లు వస్తాయో అదీ రాయండి. ఒక నకలు మీ దగ్గర, ఒకటి ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. మత్తు ఇచ్చే డాక్టరు గారికి కూడా ఈ కాగితమే చూపించాలి.

ఆ జాబితా చూసి వారు ఒక్కొక్క మందుకూ ఒక్కొక్క ఆదేశం ఇస్తారు. అన్నిటికీ ఒకే సూత్రం వర్తించదు. ఎందుకో కొన్ని ఉదాహరణలు చెబుతాను.

షుగరు మందులు చూడండి. ఆపరేషనుకు ముందు రెండు వారాలు, ఒక్కొక్కప్పుడు నాలుగు వారాలు, పత్యం పెడతారు. అన్నం, దుంపలు, తీపి బాగా తగ్గించేస్తారు. తిండి తగ్గినప్పుడు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలూ, ఇన్సులినూ పాత మోతాదులోనే వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టి, కాళ్ళు వణికి, కళ్ళు తిరుగుతాయి. కాబట్టి పత్యం మొదలుపెట్టే రోజునే మోతాదు ఎంత తగ్గించాలో అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఉంటే రోజూ చూసి రాసుకోండి.

ఇంకో రకం మాత్రలున్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని పేరు చివర "గ్లిఫ్లోజిన్" ఉంటుంది. మూత్రంలో షుగరును బయటికి పంపేవి ఇవి. వీటిని ఆపరేషనుకు మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. ఆపకపోతే, తిండి తగ్గిన శరీరంలో ఒకరకం ఆమ్లం పేరుకుంటుంది. చిక్కేమిటంటే, అప్పుడు మిషనులో షుగరు మామూలుగానే కనిపించవచ్చు. "షుగరు బాగానే ఉందిగా" అని మోసపోతాం. ఈ మాత్ర చాలాసార్లు మరో మందుతో కలిపి ఒకే బిళ్ళగా వస్తుంది గనుక, మన అట్ట మీద ఉందో లేదో డాక్టరు గారిచేత చూపించుకోవాలి.

బరువు తగ్గడానికి వారానికొకసారి పొడుచుకునే ఇంజక్షన్లు కూడా వచ్చాయి. టిర్జెపటైడ్, బరువు కోసం సెమాగ్లుటైడ్ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇవి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. పరగడుపున ఉన్నామనుకుంటాం, లోపల మాత్రం నిన్నటి అన్నం ఉండిపోవచ్చు. మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కాబట్టి "అది ఇంజక్షనే కదా, మాత్ర కాదు కదా" అని జాబితాలోంచి వదిలేయకండి.

ఇక మోకాళ్ళ నొప్పి మాత్రలు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటివి మనం శనగపప్పులా మింగేస్తాం. బైపాస్ చేయించుకున్నవాళ్ళకు అతుకు దగ్గర పుండు పడడానికి ఇవి ముఖ్యకారణాల్లో ఒకటి. వాటికి బదులు ఏం వాడాలో ముందుగానే అడిగి పెట్టుకోవాలి.

ఊళ్ళో ఇచ్చే కీళ్ళ పొడులు, ఆయాసం పొట్లాలు ఉన్నాయి. వాటిలో కొన్నిట్లో స్టీరాయిడు కలిపి ఉండడం పరీక్షల్లో బయటపడుతూ ఉంటుంది. ఎన్నాళ్ళనుంచో స్టీరాయిడు తీసుకుంటున్న శరీరం హఠాత్తుగా అది ఆపేస్తే తట్టుకోలేదు. అందుకని పొడిని కూడా సంచీలో వెయ్యండి. వెల్లుల్లి గొట్టాలు, జిన్సెంగ్ లాంటివి నెత్తురు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి, వాటినీ ముందుగా ఆపిస్తారు.

అలాగని భయపడి, "ఎందుకొచ్చిన గొడవ" అని అన్నీ మానేయడం అంతకంటే ప్రమాదం. గుండెలో స్టెంట్ వేసినవాళ్ళు ఆస్పిరినో, క్లోపిడోగ్రెలో తమంతట తాము ఆపేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు ఒక్కసారి మానకూడదు. థైరాయిడు మాత్ర మామూలుగా ఆపరేషను రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు. బి.పి. మాత్రల్లో కొన్ని ఆ పొద్దున వద్దంటారు, కొన్ని వేసుకోమంటారు. ఏది ఏదో వారిచేత రాయించుకోండి.

ఆడవాళ్ళు డాక్టరుకి కూడా చెప్పకుండా దాచే మాత్రలు రెండు రకాలున్నాయి. వాటి గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

ఒకటి, పిల్లలు పుట్టకుండా వేసుకునేవీ, నెలసరి సరిచెయ్యడానికి వేసుకునేవీ. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు కాళ్ళ నరాల్లో నెత్తురు గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతాయి. లావు, ఆపరేషను, ఈ మాత్రలు మూడూ కలిస్తే అది ఇంకా ఎక్కువ. అందుకని సుమారు నెల ముందే ఆపి వేరే పద్ధతి చెబుతారు. ఇంకో సంగతి: బరువు తగ్గుతున్నకొద్దీ, ఎన్నాళ్ళుగానో సరిగా లేని నెలసరి సరిపడి, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఆపరేషను అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదంటారు. పైగా బైపాస్ తర్వాత నోటి మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు. పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలూ, వాళ్ళ తల్లులూ, అత్తగార్లూ ముందే తెలుసుకోవలసిన విషయమిది.

రెండోది, నిద్ర మాత్రలు, దిగులు మాత్రలు. ఇంట్లో అత్తగారికి తెలియదు, ఒక్కొక్కప్పుడు భర్తకీ తెలియదు. పోపుల డబ్బా వెనక దాచుకుని వేసుకునేవాళ్ళున్నారు. "ఇది చెబితే మతి సరిగా లేదంటారేమో, ఆపరేషను చెయ్యమంటారేమో" అని భయం. అమ్మా, దిగులుకి మందు తీసుకోవడం నేరం కాదు. షుగరుకి తీసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చాలాచోట్ల ఆపరేషనుకు ముందు మనస్తత్వ వైద్యులతో మాట్లాడిస్తారు కూడా. అది మనకు పరీక్ష పెట్టి తప్పించడానికి కాదు, తర్వాత ఒంటరిగా మిగలకుండా చూడడానికి. ఈ మందులు దాస్తే ఏమవుతుంది? మత్తు మందుతో కలిసి ఇబ్బంది రావచ్చు. ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ ఆ మాత్ర హఠాత్తుగా ఆగిపోయి, గుండెదడ, నిద్రలేమి, వణుకు రావచ్చు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలు ఆపరేషను తర్వాత సరిగా ఒంటబట్టకపోవచ్చు, వాటి రకం మార్చాలి. లిథియం వాడేవాళ్ళకైతే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు, మాటిమాటికీ రక్తపరీక్ష కావాలి. నలుగురి ముందూ చెప్పలేకపోతే, "డాక్టరు గారూ, మీతో ఒంటరిగా ఒక్క మాట చెప్పాలండీ" అనండి. అది మీ హక్కు.

జర్దా కిళ్ళీ అలవాటు, గురక సంగతి కూడా దాచకండి. పొగాకు కనీసం ఆరు వారాల ముందు మానాలి, లేకపోతే కుట్లు మానవు. పెద్దగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళకు నిద్ర పరీక్ష చేసి, అవసరమైతే ముక్కుకు గాలి అందించే మిషను ముందే అలవాటు చేస్తారు.

ఇక పత్యం. ఎందుకంటే, లావుగా ఉన్నవాళ్ళ కాలేయం కొవ్వుపట్టి బరువెక్కి జీర్ణాశయం మీద పడి ఉంటుంది. దాన్ని పక్కకు తొలగిస్తేనే గానీ సర్జను గారికి పని కనబడదు. రెండు వారాలు నోరు కట్టుకుంటే అది చిక్కి దారి ఇస్తుంది. మన గోదావరి డెల్టాలో అన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదు, నిజమే. కానీ మనకున్న సదుపాయం ఎవరికుంది? కొల్లేటి చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే శీలావతి, బొచ్చె, దొరికితే కొరమీను. ముక్కను పులుసులో ముంచి నూనె తేలనివ్వకుండా వండుకుంటే మంచి మాంసకృత్తులు. శాకాహారులకు పెసరకట్టు, వెన్న తీసిన మజ్జిగ, పనీరు ఉన్నాయి. బీరకాయ, ఆనపకాయ కూర కడుపు నింపుతుంది. మీ పత్యం చీటీలో ఏది ఎంత రాశారో ఆ కొలత మాత్రం తప్పకండి. ఆపరేషను సంక్రాంతి దగ్గర పెట్టుకోకండి. ఇంటినిండా అరిసెలూ, కొత్తల్లుడికి విందులూ ఉండగా పత్యం చెయ్యడం దేవుడికి కూడా కష్టమే.

ఇప్పుడు గుబులు సంగతి.

మొదటిది ప్రాణభయం. ప్రాణాపాయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అనుభవం ఉన్నచోట చేసిన ఆపరేషన్లలో సుమారు వెయ్యిమందికి ఒకరు, అటూ ఇటూగా, చనిపోయే ప్రమాదం ఉంది. అదే సమయంలో, ఏమీ చెయ్యకుండా ఉండిపోవడంలోనూ ప్రమాదముంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగువేల మందిని గమనిస్తూ వచ్చారు. ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2007లో ప్రకటించారు. మీ సర్జను గారిని అడగండి: ఇలాంటివి ఎన్ని చేశారు? ఏదైనా అడ్డం తిరిగితే రాత్రి ఎవరుంటారు? అడిగితే మంచి డాక్టరెవరూ కోపగించుకోరు.

రెండోది నలుగురి మాట. "నోరు కట్టుకుంటే చాలదా? కడుపు కోయించుకోవాలా?" అంటారు. దీనికి జవాబు తెలిసి ఉండాలి. బాగా లావెక్కిన శరీరం, బరువు తగ్గగానే ఆకలిని పెంచుతుంది. 2011లో ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ పరిశోధకులు పది వారాలు కటిక పత్యం చేయించి బరువు తగ్గించిన వాళ్ళను పరీక్షిస్తే, ఏడాది తర్వాత కూడా వాళ్ళ రక్తంలో ఆకలి పెంచే రసాయనాలు తగ్గలేదు. అంటే తగ్గి మళ్ళీ పెరిగిన ఆడదానికి మనోబలం లేదని కాదు, శరీరమే ఎదురు తిరుగుతోందని. ఊరందరికీ చెప్పనక్కర్లేదు. కానీ ఇంట్లో ఇద్దరికైనా అన్నీ తెలిసి ఉండాలి.

మూడోది డబ్బు. ఆరోగ్య బీమా ఉంటే కాగితాలు ముందే చూపించుకోండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధనల ప్రకారం, బి.ఎం.ఐ. 40 ఉన్నవాళ్ళకూ, లేదా 35 ఉండి అదుపులేని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన నిద్ర ఊపిరి జబ్బు లాంటివి ఉన్నవాళ్ళకూ, డాక్టరు సిఫారసు మీద వర్తిస్తుంది. ఎన్నాళ్ళు ఆగాలన్నది పాలసీని బట్టి ఉంటుంది.

నాలుగోది చాలామంది పైకి చెప్పనిది. "ఇక నేను తినలేనా?" అన్న దిగులు. మనకు తిండి ఒక్క ఆకలికే కాదు. ఒంటరితనానికి తింటాం, కోపానికి తింటాం, పిల్లలు వదిలేసిన ముద్ద పారెయ్యలేక తింటాం. ఆపరేషను పొట్టను చిన్నది చేస్తుంది, దిగులును చిన్నది చెయ్యదు. అందుకని ఈ నాలుగు వారాల్లోనే, మనసు బాగాలేనప్పుడు వంటింట్లోకి కాకుండా ఇంకెక్కడికి వెళతానో ఆలోచించి పెట్టుకోండి. కాలవగట్టున నడకో, పక్కింటి వదినగారితో మాటో, పూలమొక్కలో, ఏదైనా సరే.

ఇంటికొచ్చాక మందుల జాబితా మళ్ళీ కొత్తగా రాయించుకోవాలి. షుగరు కొందరికి రోజుల్లోనే దిగుతుంది, బి.పి. క్రమంగా దిగుతుంది. పాత మోతాదు అప్పుడు ఎక్కువైపోతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలను థైరాయిడు మాత్రకు నాలుగు గంటలు ఎడంగా వేసుకోవాలి. విటమిన్లు, ముఖ్యంగా బి12, జీవితాంతం కావాలి. ఆపరేషను ఏ పట్నంలో అయినా, తర్వాత క్రమంగా చూపించుకోడానికి దగ్గర్లో ఒక ఫిజీషియను ఉండాలి. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. ఆపరేషను చేసినవారి కాగితాలు ఆయనకు అందజెయ్యండి.

లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు మొదటి కొద్దిరోజులు పట్నంలో బంధువుల ఇంట్లో ఉంటే మంచిది. జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, కాలువాపు వస్తే తెల్లవారే దాకా ఆగకండి, 108కి ఫోను చెయ్యండి. రోజుల తరబడి వాంతులవుతూ, కాళ్ళు తిమ్మిరెక్కి, మాట తడబడితే అది బి1 విటమిను లోపం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవన్నీ గుర్తుండకపోయినా రెండు మాటలు గుర్తుంచుకోండి. ఏ మందూ దాచకండి. ఏ మందూ మీ అంతట మీరు మానకండి. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరి మందులూ వేళకు అందించిన చేతులు మీవి. ఒక్క సాయంత్రం కూర్చుని మీ సొంత జాబితా మీరే రాసుకోవాలని నా మనవి.